గుట్ట కింద ప్లాస్టిక్ పలకలు

రెడ్డిగూడెం పక్కన తిరుపతిరావుగారి మామిడితోటకూ చెరువుకూ మధ్య ఎర్రమట్టి గుట్ట అడ్డం. దాని కింద సొరంగం తవ్వించి తోటకు నీళ్లు తెచ్చుకోవాలని ఆయన పట్టుదల. పందొమ్మిది వందల అరవై అయిదులో పని మొదలైంది. మట్టి జారకుండా లోపలంతా ఇనప రేకులు బిగిస్తూ పోయారు. సగం దూరం వెళ్లేసరికి ఇనుముకి పర్మిట్లు ఆగిపోయాయి. ఆయన బొంబాయి నుంచి విల్లులా వంచిన ప్లాస్టిక్ పలకలు తెప్పించారు.

అందరికంటే నాగేంద్రమ్మే సంతోషించింది. ఇనప రేకులు మోసి మోసి ఆ కూలిమనిషి భుజాలు పుళ్లు పడ్డాయి; ఈ పలకలు తేలిక. లోపల తవ్వేది ఆమె భర్త పోలయ్య, తమ్ముడు ఏడుకొండలు.

పోలయ్య పలకను తట్టి చూశాడు. "ఇది గుట్టని మొయ్యగలదంటావా?"

"బాబుగారు తెలీకుండా తెప్పిస్తారేంటి? పట్టుకెళ్లు," అంది నాగేంద్రమ్మ.

శ్రావణంలో ముసురు పట్టింది. గుట్ట నీళ్లు తాగి బరువెక్కింది. ఇనుమైతే బరువుకి కిర్రుమనేది, లోపలివాళ్లు బయటికి పరిగెత్తేవాళ్లు. ప్లాస్టిక్ చప్పుడు లేకుండా వంగిపోయింది. నాగేంద్రమ్మ మరో పలక ఎత్తుకొచ్చేసరికి లోపలి దీపం కనిపించలేదు. ఎదురుగా మట్టి.

ఆమె కేకలకు తోటలోవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. తిరుపతిరావుగారు పంచె ఎగగట్టి తనూ పార అందుకున్నారు. మట్టి తీస్తుంటే నలిగిన పలక అడ్డం పడింది. నాగేంద్రమ్మ గడ్డి కోసేవాడి చేతిలోని పళ్ల కొడవలి లాక్కుని రంపంలా కోసింది. పలక తెగింది. దాని కింద చిన్న ఖాళీలో ఏడుకొండలు ఊపిరితో ఉన్నాడు.

"బావేడిరా?"

"నా వెనకే అక్కా. ఇందాకటిదాకా మాట్లాడాడు."

పోలయ్యను బయటికి తెచ్చేసరికి ఒళ్లు చల్లబడిపోయింది.

తిరుపతిరావుగారు మట్టి చేతులతో అక్కడే కూలబడ్డారు. "ఇనుమొచ్చేదాకా ఆగాల్సింది నాగేంద్రమ్మా."

"ఇనుమైతే దాన్ని కోసి నా తమ్ముణ్ణి తియ్యగలిగేదాన్ని కాదండీ," అంది ఆమె. పోలయ్య మొహాన మట్టి తుడుస్తూ, "కానీ అది అరిచేదండీ. ఆయనకి వినపడేది."

సొరంగాన్ని పూడ్పించేశారు. ఏడుకొండలు కోలుకున్నాడు గాని, ఇంటి కప్పు కిందికి వెళ్లాలన్నా ఒణికిపోయేవాడు. వానలోనూ వాకిట్లోనే కూర్చునేవాడు. నాగేంద్రమ్మ అన్నం కలిపి తెచ్చి, నెత్తిన గోనెపట్టా కప్పుకుని, తినేదాకా అతని పక్కనే తడుస్తూ కూర్చునేది.