ముప్పై ఎనిమిది శాతం

నాలుగో నర్సును ఆమె ఇంటి ముందు దించి, అతను తానే దిగి తలుపు మెల్లగా వేశాడు. చప్పుడైతే వెనక సీట్లో పెద్ద సిస్టరు ఉలిక్కిపడి లేస్తుంది. రాత్రి డ్యూటీ దిగిన నర్సులను ఇళ్లకు చేర్చడం ఇరవై రెండేళ్లుగా అతని పని. రెండో మలుపు తిరిగేలోగా అందరూ నిద్రలోకి జారుకుంటారు. ఏ గతుకును ఎంత నెమ్మదిగా దాటితే తల కిటికీకి కొట్టుకోదో అతనికి తెలుసు. అతనికంటూ గొప్ప ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇవాళ మాత్రం అతని వేళ్లు స్టీరింగు మీద ఒక్కచోట నిలవడం లేదు. ఒకటో తారీఖు నుంచి ఆసుపత్రి గేటులోకి కరెంటు కార్లను తప్ప రానివ్వరు. కొత్తది కొంటాడో, ఒకరు వాడినది కొంటాడో మధ్యాహ్నంలోగా ఆఫీసుకు చెప్పాలి. చెప్పకపోతే పని ఇంకొకరికి పోతుంది. ఈ డీజిల్ కారును సాయంత్రం తుక్కు వ్యాపారి పట్టుకుపోతాడు. నెల్లాళ్లుగా మీనమేషాలు లెక్కించి, చివరి రోజు దాకా తెచ్చుకున్నాడు.

ఇంట్లో భార్య కొత్తదే అని పట్టుపట్టి కూర్చుంది.

"పెళ్లయిన దగ్గర్నుంచీ మనింట్లో అన్నీ పాతవే. మంచం పాతది, ఫ్రిజ్జు పాతది" అంది కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"మొగుడు కొత్తవాడే కదా!"

"వాడూ ఎప్పుడో పాతబడ్డాడు."

అతను నవ్వాడు గానీ కూర్చోలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకీ వంటింట్లోకీ తిరిగాడు. ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఆర్నెల్ల కిందట కళ్ల డాక్టరు, చూపు నడిమధ్య మసక కమ్ముతోందనీ, అది అద్దాలతో పోయేది కాదనీ, బండి నడపడం మానేయమనీ చెప్పాడు. ఆ మాట అతను ఇంటికి తీసుకురాలేదు. అప్పటినుంచి సగం కళ్లతో, సగం జ్ఞాపకంతో నడుపుతున్నాడు.

కొత్త కార్లో అయితే, ఎదురుగా ఏదైనా అడ్డమొస్తే దానంతటదే ఆగే ఏర్పాటు ఉందట. పాతదాంట్లో అదేమీ లేదు. కానీ దాని బ్యాటరీ మహా అయితే మూడేళ్లు వస్తుంది, తన చూపు కూడా అంతవరకూ వస్తే చాలు. కొత్తదానికి ఎనిమిదేళ్ల గ్యారంటీ అని షోరూమువాళ్లు చెప్పినప్పుడు అతనికి నవ్వొచ్చింది. గ్యారంటీ లేనిది తనకే.

పదింటికి ఆ పాత కరెంటు కారు చూడటానికి వెళ్లాడు. అమ్మే మనిషి కూడా డ్రైవరే, అతనికన్నా నాలుగైదేళ్లు చిన్న. కారు ముత్యంలా తుడిచి ఉంది. అతను అలవాటుగా బానెట్ మీద చెవి ఆనించాడు.

"స్టార్ట్ చెయ్యి తమ్ముడూ."

"అయింది కదన్నా."

"ఎప్పుడు?"

"ఇందాకే."

జీవితమంతా ఇంజను దగ్గును బట్టి కారు ఆరోగ్యం చెప్పిన మనిషికి ఈ మౌనంతో ఏం చేయాలో పాలుపోలేదు. ఎందుకు అమ్ముతున్నావని అడిగాడు. కొత్తది కొందామని అన్నాడు అవతలివాడు. మళ్లీ అడిగితే, బావమరిదితో కలిసి షాపు పెడదామని అన్నాడు. రెండూ నమ్మబుద్ధి కాలేదు.

ఇద్దరూ లోపల కూర్చున్నారు. అడగాల్సిన అసలు మాట బ్యాటరీ గురించి.

"చార్జింగు ఎంతుంది?"

"చూడన్నా, అక్కడే కనిపిస్తుంది."

"నువ్వు చెప్పు. బండి నీది."

"కొనేది నువ్వు. నువ్వే చూసుకోవాలి."

ఇద్దరూ ముందుకు వంగారు. తెర మీద వెలుగుతున్న అంకెల వైపు ఇద్దరూ మెడలు సాచారు.

"ఎనభై ఎనిమిది" అన్నాడు అవతలివాడు, తనకే నమ్మకం లేనట్టు.

"అరవై కదూ?"

మంచినీళ్లు తెచ్చిన అవతలివాడి భార్య కిటికీలోంచి తొంగిచూసింది. "ముప్పై ఎనిమిది. ఇద్దరికిద్దరూ సరిపోయారు" అని గ్లాసులిచ్చి వెళ్లిపోయింది.

ఇద్దరూ ముందు పగలబడి నవ్వారు. తర్వాత అవతలివాడు తెర ఆపేశాడు.

"షుగరన్నా" అన్నాడు అవతలివాడు చివరికి. "కళ్లలోకి దిగింది. పోయిన నెల ఈ వీధి మలుపులో సైకిలు మీద ఒకావిడ. అస్సలు కనపళ్లేదు. పక్క అద్దం తగిలింది, అంతే, పడలేదు కూడా. ఆవిడే నాకు సారీ చెప్పింది. మర్నాడే అమ్మకానికి పెట్టా." అతని వైపు తిరిగి, "మరి నీ సంగతేంటి?" అని అడిగాడు.

అతను గ్లాసు ఖాళీ చేసి దిగాడు.

తిరుగుదారిలో ప్రతి సైకిలుకూ ఆగాడు. వెనకనుంచి హారన్లు మోగాయి, తిట్లు వినిపించాయి. పావుగంట దారి గంట పట్టింది. ఖాళీగా ఉన్న వెనక సీట్లలో అయిదుగురు నర్సులూ నిద్రపోతున్నట్టే అనిపించి, అతనికి భయం వేసింది. ఆర్నెల్లలో ఎన్నడూ వేయనంత భయం.

ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పేశాడు.

"ఆర్నెల్లా? మొన్న మా చెల్లెలి ఇంటికి కూడా నన్ను ఇదే కార్లో తీసుకెళ్లారు."

"ఊఁ."

"నేనూ నిద్రపోయాను" అంది. అతను తలదించుకున్నాడు. ఆమె లేచి, ఆఫీసు నంబరు తనే నొక్కి ఫోను అతని చేతిలో పెట్టింది.

"ఏమైంది బాబాయ్, కొత్తదా, పాతదా?" అన్నాడు గుమాస్తా.

"ఏదీ కాదు. రేపట్నుంచి రాను. నా కళ్లు బాగాలేవు." అవతల గుమాస్తా ఏదో అడుగుతున్నాడు, అతను ఫోను పెట్టేశాడు. పొద్దుట్నుంచీ అటూ ఇటూ తిరిగిన మనిషి మొదటిసారి కుర్చీలో కూలబడ్డాడు.

సాయంత్రం తుక్కు వ్యాపారి వచ్చేసరికి అతను సీట్ల సందులన్నీ తడిమి, నర్సులు జారవిడిచినవి తీసి గోడ మీద పెడుతున్నాడు. వ్యాపారి తాళంచెవి తిప్పాడు. కారు రెండుసార్లు దగ్గి అందుకుంది. మలుపు తిరిగేదాకా కారును చూడలేకపోయినా, ఆ తర్వాత చాలాసేపు దాని చప్పుడు విన్నాడు. భార్య చేయి పట్టుకుంటే లోపలికి నడిచాడు.

గోడ మీద పెద్ద సిస్టరు నల్ల జడ క్లిప్పు ఒకటి ఉండిపోయింది, దాని పళ్ల మధ్య పొడవాటి నెరిసిన వెంట్రుకతో.