మేక నెమరు వేసిన సినిమా

మా మనవడు జగదీశ్ తీసిన సినిమాకు ఎక్కడెక్కడో బహుమతులు వచ్చాయట. జహీరాబాద్‌లో కూడా వాడికి సన్మానం పెట్టి, ఫంక్షన్ హాల్లో ఆ సినిమా వేశారు. కథ ఇంతే: ఒక ముసలమ్మ మేకను పట్టుకుని, స్టేషన్లో కుర్చీ వేసుకుని, కొడుకు కోసం కూర్చుంటుంది. రైలు ఆగకుండా పోతుంది. మేక నెమరు వేస్తుంది. అయిపోయింది. మధ్యలో నేను బయటికి పోయి చాయ్ తాగి, మా పక్కింటి నారమ్మ కోడలి సీమంతం ముచ్చటంతా విని వచ్చాను. మేక ఇంకా నెమరు వేస్తూనే ఉంది.

సినిమా అయ్యాక మానస అనే టీచరమ్మ లేచింది. హైదరాబాద్‌లో పిల్లలకు సినిమా పాఠాలు చెబుతుందట. ఇది పాత ఇటలీ సినిమాకు నకలని చెప్పి, ఫోన్‌లో ఆ బొమ్మ చూపించింది. అదే కుర్చీ, అదే మేక, అదే రైలు. జగదీశ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సన్మానం చేయడానికి వచ్చిన గురులింగప్ప గారు ఊరుకుంటారా? పత్రికలో ఈ సినిమాను ఆకాశానికెత్తి రాసిన మనిషి ఆయన. సరిగ్గా చూడమన్నారు. అక్కడ రైలు కుడి నుంచి ఎడమకు పోతే, మనవాడిది ఎడమ నుంచి కుడికి పోతోంది. అక్కడ మేక ఈ పక్క, ఇక్కడ ఆ పక్క. కుర్రాడు యూరప్‌నే తిరగేశాడన్నారు. పైగా ముగింపు లేకుండా వదిలేయడానికి ఎంత ధైర్యం కావాలన్నారు. హాలంతా చప్పట్లు.

జగదీశ్ మాత్రం నా పక్కకు వచ్చి కూలబడ్డాడు.

“నేను గా సినిమా సూడనే లేదు అమ్మమ్మా, ఒట్టు. మరి నేను దొంగనా, కాదా?”

నేను లేచి మైకు అడిగి తీసుకున్నాను.

“నా మన్మడు దొంగ కాదు. గా సినిమా సూసింది నేను,” అని జరిగిందంతా చెప్పాను.

నేను కొత్త కోడలిగా కోహీర్‌లో ఉన్నప్పుడు, మిషన్ దవాఖానలో ఇటలీ డాక్టరమ్మ ఒకామె ఉండేది. రెండు వేపచెట్ల నడుమ దుప్పటి కట్టించి ఆ సినిమా వేయించింది. ముందర మగవాళ్లు కూర్చున్నారు. మేం కోడళ్లం, మామల ఎదుట కూర్చుంటామా? దుప్పటి వెనక కూర్చున్నాం. అందుకే మా రైలు అటుది ఇటు పోయింది. మేక నెమరు వేస్తుండగా జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది. మా సినిమా అక్కడికే. జగదీశ్ చిన్నప్పుడు వాడికి ముద్ద ముద్దకూ ఆ కథే చెప్పి అన్నం తినిపించాను. సగం నిద్రలో విన్నవాడికి ఎవరు చెప్పారో ఏం గుర్తుంటుంది? రైలు గుర్తుంది, అంతే.

ముందు మానస నవ్వింది, తర్వాత హాలంతా నవ్వింది. గురులింగప్ప గారు కళ్లద్దాలు తుడుస్తూనే ఉండిపోయారు. జగదీశ్ మైకు తీసుకుని, ఇకమీదట సినిమా మొదట్లో ఇటలీ వాళ్ల పేరు, దాని కింద నా పేరు వేస్తానన్నాడు.

నాకు మాత్రం ఒక్కటే ఆరాటం. మానసను పక్కకు పిలిచి, డీజిల్ ఉండి ఉంటే ఏమయ్యేదని అడిగాను.

“రైలు వెనక్కి వస్తుందమ్మా. కొడుకు దిగుతాడు,” అంది.

“వచ్చిండా? పాపం, ఇన్నేండ్లు గామెను గట్లనే కూసోవెట్టిన,” అన్నాను.

ఆ సినిమా తెప్పించి పెద్ద టీవీలో చూపిస్తానన్నాడు జగదీశ్. టీవీ వద్దు, దుప్పటి కట్టమన్నాను. నేను దాని వెనకే కూర్చుంటాను. ముందర కూర్చుంటే, ఆ ముసలమ్మ కొడుకు ఏ పక్క నుంచి వస్తాడో నాకెట్లా తెలుస్తుంది?