కడిగిన కార్డు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథలో సగం తప్పు కూతురిది, అయినా నేను ఆమె పక్షమే. నేనూ కంప్యూటర్లు చదివినదాన్నే. పెద్దవాళ్లకు ఏదైనా నేర్పాల్సి వస్తే నా ఓపిక కూడా ఆవగింజంతే.

స్టూడియో ఆయన ముప్పై ఏళ్లు ఫిల్ము కడిగిన మనిషి. కూతురు పట్టుబట్టి ఆయన చేతిలో డిజిటల్ కెమెరా పెట్టి వారం కూడా కాలేదు. ఆదివారం దానితోనే మొదటిసారి ఒక కుటుంబాన్ని తీశాడు, వీధి చివరి టైలరమ్మ వాళ్లని. నడిమధ్య స్టూలు మీద టైలరమ్మ తల్లి, తొంభై ఏళ్ల ముసలావిడ. జన్మలో ఫోటో దిగలేదట. "పళ్లు లేవు, నవ్వమనకు నాయనా," అంటూనే నవ్వేసింది. ఆయన లెక్కగా ముప్పై ఆరు తీసి ఆపేశాడు. రీలంటే ముప్పై ఆరే కదా!

బుధవారం పొద్దున టైలరమ్మ వాచిన కళ్లతో వచ్చింది.

"తెల్లారేసరికి మా అమ్మ పోయింది అన్నా. ఆ ఫోటో తప్ప ఆవిడ మొహం ఇంకెక్కడా లేదు. సాయంత్రానికి ఇస్తావా?"

ఆయన వెంటనే కూతురికి ఫోన్ చేశాడు.

"రీలు అయిపోయింది తల్లీ. ఇప్పుడేం చెయ్యాలి?"

ఆమె మీటింగ్ గుమ్మంలో ఉంది. కెమెరాలో మెమరీ కార్డు నిండిందనుకుంది, ఫోటోలు ప్రింటయిపోయాయనుకుంది. కార్డు ఖాళీ చెయ్యమని ఆయనకు అర్థమయ్యే మాటలో చెబుదామనుకుంది. అదే కొంప ముంచింది.

"అయిపోతే కడిగెయ్ నాన్నా. ఫార్మాట్ అని ఉంటుంది, నొక్కు."

"నిజంగానా అని అడుగుతోందే?"

"దానికి అనుమానాలెక్కువ, అచ్చం మేనత్తలా. అవుననేయ్."

నొక్కాడు. తెర ఖాళీ. ఆయన కంగారుపడలేదు. కడిగితేనే కదా బొమ్మ తేలేది! మందునీళ్ల ట్రేలో తెల్లకాగితం ముందు నిలబడ్డట్టే నిలబడి అరవై లెక్కపెట్టాడు. మళ్లీ అరవై. ముందు కళ్లు తేలాలి. తేలలేదు.

కెమెరా పాడైందేమోనని ఖాళీ స్టూలును తీసి చూశాడు. చక్కగా పడింది. ఇంకోటి. ఇంకోటి. చెయ్యి దానంతటది ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

మళ్లీ ఫోన్ చేస్తే కూతురు పరుగున వచ్చింది. "చెరిగినవి వెనక్కి లాగొచ్చు నాన్నా, ఏడవకు. ఆ తర్వాత ఏం తియ్యలేదుగా?"

"ఒక్క రీలు."

ఆమె కుర్చీలో కూలబడింది. కొత్తవి వచ్చి పాతవాటి నెత్తినే కూర్చుంటాయని ఆయనకెవరు చెప్పారు? లాప్‌టాప్ గంటసేపు వెతికి ముప్పై ఆరు స్టూళ్లను కక్కింది. చివర్లో ఒక ముక్క: రెండు ముడతల పాదాలు, వంకర బొటనవేలు. పైనంతా బూడిదరంగు.

"పైకి జరుపు," అన్నాడు ఆయన. "మొహం పైన ఉంటుంది."

పైన ఏమీ లేదని తెలిసీ జరిపింది. మళ్లీ జరిపింది.

గుమ్మంలో టైలరమ్మ, చేతిలో కొత్త ఫ్రేము. "అయ్యిందా అన్నా?"

"కడుగుతున్నానమ్మా," అన్నాడు.

ఒకే మాట ఇద్దరికి రెండు అర్థాలై మీ ఇంట్లో ఏం పోయిందో రాయండి. కూతుళ్లయితే తప్పకుండా రాయండి, నాకు తోడు కావాలి.