మర్యాద ముదిరి నోలా తిండి మానేసిన సంగతి

ఆస్ట్రేలియాలో లాంగ్‌రీచ్ దగ్గర, నేను పనిచేసే వృద్ధుల ఆశ్రమానికి బ్రిస్బేన్ నుంచి లిండ్సే అనే పరిశీలకుడు వచ్చాడు. మతిమరుపు జబ్బున్నవాళ్లు ఏం చేస్తున్నారో, ఎంత హుషారుగా ఉన్నారో మూల కూర్చుని చూస్తాడు. ఐదు నిమిషాలకొక అంకె వేస్తాడు, మైనస్ ఐదు నుంచి ప్లస్ ఐదు దాకా. పనివాళ్లం మేం వాళ్లని కించపరిస్తే దానికి వేరే గడి. మధ్యలో ఆయన నోరు విప్పడం మాత్రం నిషేధం.

ఆ మధ్యాహ్నం నోలా ముందు మటన్ పులుసు పెట్టి ఎప్పటిలాగే పలకరించాను.

"ఏమే ముసలి రాక్షసీ, ఇంకా ఉన్నావా? మింగు, చల్లారిపోతోంది."

"నీ మొహం చూశాక ఆకలెక్కడ ఏడ్చింది రేలీన్? అటు తిరుగు, తింటా," అంది నోలా. తినేసింది కూడా.

నోలాకి ఎనభై ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లపాటు గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో వంట చేసింది. మగాళ్లంతా రోజూ ఆమె వంటని తిట్టేవాళ్లు, ఆమె వాళ్లని తిట్టేది, గిన్నెలు ఖాళీ అయ్యేవి. మా వైపు తిట్టారంటే దగ్గరివాళ్లని ఒప్పుకున్నట్టే. లిండ్సే మాత్రం గడిలో "ఎగతాళి" అని రాసుకున్నాడు. పక్కనే ప్లస్ ఐదు కూడా వేశాడు గానీ దాన్నెవరూ చదవలేదు.

మా మేనేజరు మార్గో వెంటనే మీటింగు పెట్టింది. "ఇకనుంచి అందరినీ గారూ అనాలి. వెటకారాలు చేస్తే ఊరుకోను."

మర్నాటి నుంచి పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు మాట్లాడటం మొదలెట్టాం.

"నోలాగారూ, దయచేసి కొంచెం తీసుకుంటారా?"

నోలా నన్ను ఎగాదిగా చూసి చెంచా కింద పెట్టేసింది. మూడు వారాల్లో ఐదు కిలోలు తగ్గింది. ఇంకో రెండు తగ్గితే ఆస్పత్రికి పంపాలన్నాడు డాక్టరు. ఆ వయసులో అక్కడికెళ్లిన మావాళ్లెవరూ తిరిగి రాలేదు. నాకు భయమేసింది. మార్గోని తలుచుకుంటే ఒళ్లు మండింది.

లిండ్సే రెండోసారి వచ్చిన రోజు నోలా చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పులుసు ముట్టలేదు.

"ఎక్కడికండీ ప్రయాణం?" అన్నాను.

"లారీ వస్తుంది. నన్ను పనిలోంచి తీసేశారుగా."

"ఎవరన్నారండీ?"

"ఒకళ్లు అనాలా? షెడ్డులో యజమాని నాతో మర్యాదగా మాట్లాడింది ఒక్కసారే, సంచీ సర్దుకోమన్నప్పుడు. ఇప్పుడు మీరంతా అలాగే మాట్లాడుతున్నారు. వంట బాలేదని మొహం మీదే చెప్పి చావొచ్చుగా?"

లిండ్సే రాయడం ఆపేశాడు. పొద్దున్నించీ వేసిన మైనస్‌ల వరస వైపోసారి చూసుకున్నాడు. తర్వాత లేచొచ్చి నోలా ఎదుట కూర్చుని, ఆమె పళ్లెంలోంచి ఒక చెంచాడు నోట్లో పెట్టుకున్నాడు. పాపం, చెవులు ఎర్రబడ్డాయి.

"థూ! ఇదేం పులుసు? మా కుక్క కూడా ముట్టదు."

గుమ్మంలో ఉన్న మార్గో ఆయన్ని ఆపడానికి ఒకడుగు ముందుకేసింది. నోలా ఒళ్లోంచి సంచీ జారి కింద పడింది.

"ఏంట్రా కూశావ్, బక్కవెధవా? మూల కూర్చుని గీకడం తప్ప ఏనాడైనా పొయ్యి మొహం చూశావా నువ్వు? ఇలా తే!"

చెంచా లాక్కుంది. పులుసు ఎంత బాగుందో వాడికి చూపించడానికి తినడం మొదలెట్టింది. ముద్దకో తిట్టు. చూస్తుండగానే పళ్లెం అడుగు కనిపించింది. నాకు ఏడుపు ఆగలేదు.

"నువ్వెందుకే ఏడుస్తావ్, దండగమారిదానా? ఇంకో రెండు పళ్లేలు పట్రా. వీడికొకటి, నాకొకటి. నన్ను తీసేసే మొగాడు ఇంకా పుట్టలేదు."

నాకంటే ముందు మార్గోనే వంటింట్లోకి పరిగెత్తింది.