మూడు చుక్కల ఉంగరం

మా మనవరాలు వినీల పెళ్ళి ఉంగరాల కోసం బళ్ళారిలోని బెంగళూరు రోడ్డులో మేము ఎక్కని అంగడి మెట్లు లేవు. చివరికి కంసాలి దురుగప్ప దగ్గర కుదురుగా కూర్చున్నాం. నేనూ, వినీలా, పెళ్ళికొడుకు సైలస్. ఆ పిల్లవాడు దోణిమలై గనిలో పెద్ద బండ్లు బాగుచేసే మెకానిక్. వచ్చే నెలే పెళ్ళి. ఉంగరం లోపల ఏం చెక్కించాలన్నదే తేలడం లేదు.

మా కాలంలో లోపల పేరుంటే అదే గొప్ప. ఈ పిల్ల ఫోనులో ఎన్ని వింతలో! గుండె కొట్టుకునే గీతను చెక్కించుకుంటారట. ఒకరి వేలిముద్రను ఇంకొకరి ఉంగరంలో దాస్తారట. ఒక మాటను రెండు ఉంగరాల్లో సగం సగం రాయించుకుంటారట. వినీలకు మాత్రం తనకిష్టమైన బైబిలు వాక్యం మొత్తం కావాలి.

అప్పుడు సైలస్ మెల్లగా నోరు విప్పాడు.

“ముందే చెప్పాల్సింది వినీలా. డ్యూటీలో ఉంగరం పెట్టుకోనియ్యరు. యాడన్నా తగులుకుంటే వేలే పోతాది. గేటుకాడ తీసి లాకర్లో పెట్టాల.”

“దినమంతానా?”

“దినమంతా.”

“అంటే పొద్దున్నించి సాయంత్రందంకా నన్ను లాకర్లో పెడ్తావు.”

“నిన్నెందుకు పెడ్తా? ఉంగరం పెడ్తా.”

“నాకు రెండూ ఒగటే. ఉంగరమే బ్యాడ పో.”

మా వినీల గొంతు పెంచితే భయం లేదు, తగ్గిస్తేనే భయం. ఆ మాట చాలా తగ్గించి అంది. సంచి భుజానికి తగిలించుకుని లేచింది. ఉంగరం కాదన్న పిల్ల రేపు ఇంకేం కాదంటుందోనని చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

“ఏమప్పా దురుగప్పా, ఉంగరం తీసినా గుర్తుండేట్టు చెయ్యలేవా? మా ఇంటాయన ఉంగరం తీస్తే వేలి చుట్టూ పల్లం కనపడ్తాండె.”

“యాక్ ఆగల్ల అవ్వా! ఎందుకు కాదు? లోపల గుంతగా చెక్కకుండా ఉబ్బుగా చేస్తే వేలి మీద అచ్చు పడ్తాది.”

మచ్చుకు ఒక వెండి ఉంగరంలో వాక్యమంతా ఉబ్బుగా చేసి, వారం తర్వాత మళ్ళీ పిలిచాడు. సైలస్ దాన్ని కాసేపు వేలికి బిగించి తీశాడు. అందరం వంగి చూశాం.

“ఏందప్పా ఇది, చీమలు కొట్లాడినట్టుండాది!” అని నవ్వాను. వినీల నవ్వలేదు.

“అచ్చరాలు సన్నం, చర్మం మెత్తన,” అన్నాడు దురుగప్ప. “రెండు మూడు చుక్కలైతే నిలబడ్తాయి.”

“చుక్కల్లో ఏముంటాది?” అంది వినీల విసురుగా.

చుక్కలనేసరికి నాకు నా బియ్యం డబ్బా గుర్తొచ్చింది. ఇక నా నోరు ఊరుకుంటుందా?

మా చర్చి సంఘంలో ఆడవాళ్ళం ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు దేవునికని డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా గుడికి మోసుకుపోతాం. అన్నీ ఒకే రకం డబ్బాలు. చదువొచ్చినవాళ్ళు పేర్లు రాసుకునేవాళ్ళు. నాకు రాదు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు గుడిలో కొలిచేటప్పుడు నా డబ్బా ప్రమీలమ్మ లెక్కలోకీ, ఆమె డబ్బా నా లెక్కలోకీ మారిపోతుండేవి. “మీ డబ్బా కన్నా మాదే నిండుగా ఉన్నింది,” అని ఆమె ఒకటే సణుగుడు. అప్పుడు మా ఆయన యేసుదానం మేకు, సుత్తి తీసుకుని మూత మీద గుంటలు కొట్టాడు. నాకు మూడు కనిపించాయి.

“మూడెందుకప్పా?” అన్నాను.

“ఒగటి నీది, ఒగటి నాది. సుత్తి జారి ఇంగోటి పడె. దాన్ని దేవునిదనుకో.”

ఆయన పోయాక కూడా కళ్ళు మూసుకుని తడిమితే చాలు, అది మా డబ్బా అని తెలిసిపోతుంది నాకు.

వినీల సైలస్ చెయ్యి తన వైపు లాక్కుని, ఆ చీమల గుర్తును బొటనవేలితో రుద్దింది.

“మూడు చుక్కలు చెయ్యన్నా,” అంది దురుగప్పతో.

“సుత్తి మాత్రం జారనియ్యద్దన్నా,” అన్నాడు సైలస్. అప్పుడు నవ్వింది మా పిల్ల.

మా కప్పగల్లు గుడిలో పెళ్ళయింది. నా డబ్బా వినీలకే ఇచ్చేశాను. తర్వాత దోణిమలైలో వాళ్ళ క్వార్టర్స్‌లో నాలుగు దినాలున్నాను. పొద్దున డ్యూటీకి పోతూ సైలస్ గడప దగ్గరే ఉంగరం తీసి వినీల చేతిలో పెట్టాడు.

“గుర్తు నిలబడ్తాందా నాయనా?” అని అడిగాను.

“యాడ అవ్వా! టీ టైముకే మాసిపోతాది. అందాక చూసుకుంటా. ఆమీట ఎప్పుడు ఇంటికి పోదామా అనే.”

వినీల ఆ ఉంగరాన్ని తన బొటనవేలికి తొడుక్కుని పనిలో పడింది. వంటకు బియ్యం తీసేటప్పుడు అడ్డమని విప్పి గూట్లో పెట్టింది. డబ్బా మూత తెరిచి గుప్పెడు పట్టింది. మూత మీద మూడు గుంటలు. బొటనవేలి మీదా మూడు గుంటలు, ఇంకా ఎర్రగా.

“ఏంది అవ్వా, అట్ల చూస్తాండావు?”

“ఏం లేదులే. గుప్పెడు నిండుగా పట్టు.”