బ్యానర్ మీది అక్షరాలు

వినాయక మండపం దగ్గర అన్నదానం జరుగుతున్న వీడియో అది, నెట్‌లో ఎవరో పెట్టింది. రెండో బంతిలో కూర్చున్న మనిషిని చూడగానే రాజమణి చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"ప్రియాంకా, వెనక్కి తిప్పు. మీ నాయిన లెక్క లేడూ?"

మల్లేశం ఇల్లు విడిచి రెండున్నరేళ్లు. మగ్గం మీద కూర్చునే మనిషి మెల్లమెల్లగా మాట మానేశాడు. కూతురి ఇంటర్ పరీక్షల వారంలో ఒకరోజు కొత్తకోట బస్టాండు దాకా నడిచి వెళ్లి, మళ్లీ రాలేదు. పోలీసులకు చెప్పారు, దవాఖానలన్నీ తిరిగారు. జాడ లేదు.

ప్రియాంక నాలుగుసార్లు తిప్పి చూసింది. ఇంట్లో టీవీకి పెట్టిన పాత నెట్ బాక్సులో బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతోంది. ఆ మనిషి మొఖం మట్టిరంగు మరక. వెనకాల బ్యానర్ మీద ఊరి పేరులో మొదటి అక్షరం ఒక్కటే అందుతోంది. అది 'కొ'నో 'కో'నో తెలియదు. వీడియో పెట్టినవాళ్లు ఊరి పేరు రాయలేదు, అడిగితే జవాబివ్వలేదు. ఫోన్‌లో చూస్తే ఆ అక్షరాలు చీమలంత, పెద్దగా చేస్తే అవీ గళ్లే.

"కోస్గి, కొల్లాపూర్, కోయిలకొండ, కొడంగల్... ఏదని పోతమమ్మా?"

"ఇయ్యాల నిమజ్జనం బిడ్డా. ఈ పూటతోని అన్నదానం బంద్. తిండి దొరకకపోతే ఆయన యాడికి పోతడో."

ఇద్దరూ బాక్సు పీక్కుని మెయిన్ రోడ్డు మీదున్న మురళీమోహన్ టీవీల దుకాణానికి పరుగెత్తారు. దూరపు చుట్టం, రాజమణికి అన్న వరస. సంగతి విని అతను గోడకున్న పెద్ద టీవీకి వాళ్ల బాక్సు తగిలించాడు. అవే గళ్లు. దాన్ని తీసి, టీవీ వెనక వేలంత పుల్లలాంటి పరికరం గుచ్చాడు. ఈసారి బొమ్మ తళతళలాడింది. అక్షరాలు నిక్కి నిలబడ్డాయి.

"కొల్లాపూర్!" అన్నాడు మురళీమోహన్. "సాఫ్‌గ కనబడుతాంది. పదిన్నరకు బస్సున్నది, ఉరకుండ్రి."

రాజమణి సంచి అందుకుంది. గడప దాటబోతూ, భర్త మొఖం ఇంకొక్కసారి చూద్దామని వెనక్కి తిరిగి అట్లాగే ఆగిపోయింది.

"అన్నా, ఆ అక్షరాల అంచుకు తెల్లగీత ఏంది? మనుషుల మొఖాల చుట్టూ గూడ గదే గీత ఉన్నది. బట్ట మీద గట్ల పడది. లేని పోగు యాడికెళ్లొచ్చింది?"

ముప్పై ఏళ్లుగా చీర అంచులు చూసిన కళ్లు. మురళీమోహన్ దగ్గరికి వెళ్లి చూసి నాలుక కరుచుకున్నాడు.

"దుకాణంల మెరవాలని టీవీ సెట్టింగు పెంచి పెట్టిన చెల్లె. పైంగ ఈ పుల్ల చిన్న బొమ్మనే తెచ్చి పెద్దగ సాగదీస్తాంది. సాగినకాడ లేని గీతలు తనంతల తనే అల్లుకుంటది, బట్ట ముడతను గూడ అక్షరం చేస్తది."

బయట కొల్లాపూర్ బస్సు హారన్ కొట్టింది.

"అమ్మా, బస్సు!"

"పోనియ్యి."

రాజమణి సంచి మళ్లీ కింద పెట్టింది. తప్పు దిక్కుకు పోతే ఈ రోజు పోయినట్టే. ఇక్కడే నిలబడితే మాత్రం?

బొమ్మను సాగదీయకుండా ఉన్నదున్నట్టు తెచ్చే కొత్త బాక్సు ఒకదాని సీలు చింపాడు మురళీమోహన్. నెట్ వైరు నేరుగా దానికే గుచ్చాడు. టీవీలో మెరుపులన్నీ ఒక్కొక్కటిగా ఆపేశాడు. తెర మీద చక్రం తిరుగుతోంది. బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. ప్రియాంక తల్లి చేయి పట్టుకుంది.

బొమ్మ వచ్చింది. ముందటి మెరుపు లేదు, వెలిసిన చీరలా ఉంది. కానీ గాలికి బ్యానర్ బట్టలో పడిన ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. ప్రియాంక తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుంది.

"కో... స్గి. కోస్గి అమ్మా!"

రాజమణి బ్యానర్ చూడలేదు. ఆ మనిషి కుడిచెవి చూస్తోంది. చెవిపోగు చీల్చుకుపోయి రెండు పాయలైన చెవితమ్మె, మల్లేశందే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మురళీమోహన్ షట్టర్ దించి కారు తీశాడు.

కోస్గి చేరేసరికి ఒంటిగంట దాటింది. మూడు మండపాలు వెతికాక ఆ బ్యానర్ కనబడింది. విగ్రహం అప్పటికే ట్రాక్టర్ ఎక్కింది, డప్పులు మోగుతున్నాయి. బంతులు లేచిన చోట ఒక పెద్దామె విస్తళ్లు ఊడుస్తోంది. ప్రియాంక ఫోన్‌లో ఫోటో చూపించింది.

"గీయనా? తొమ్మిది రోజులు మా గిన్నెలన్నీ ఈయనే కడిగిండు. నోరిప్పి మాట్లాడడు. ఇప్పుడే సంచి ఎత్తుకోని కొడంగల్ రోడ్డు దిక్కు నడిచిపోయిండు."

ఊరు దాటాక, జొన్నచేల పక్కన, నడుస్తున్న వీపు కనిపించింది. కారు ఆగకముందే రాజమణి దిగేసింది.

"ఏమయ్యా..."

మల్లేశం కారుకు దారిస్తున్నట్టు పక్కకు జరిగి, తన నడక తాను నడిచాడు. చేయి పట్టుకుంటే బెదిరి చేలల్లోకి పరుగెడతాడేమోనని ఆమె పట్టుకోలేదు. పక్కనే నడిచింది. ఒక కరెంటు స్తంభం దాటారు. ఇంకొకటి.

ప్రియాంక చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది. అతను ఆగాడు. కూతురి మొఖంలోకి చూశాడు.

"పరీక్షలు అయినయా?" అన్నాడు.

"అయినయి నాయినా," అంది ప్రియాంక. "పాసైన."

అతను తల ఊపాడు. రాజమణి అతని చేతిలోని సంచి మెల్లగా అందుకుంది. వదిలేశాడు. కారు తలుపు తీస్తే వంగి, లోపలికి చూసి, కూర్చున్నాడు.

మహబూబ్‌నగర్ దవాఖానకు పోదామని రాజమణి అంది. మురళీమోహన్ కారు తిప్పాడు. వెనక తలుపుకు లాక్ వేయాలా అని అద్దంలోంచి కళ్లతోనే అడిగాడు.

రాజమణి భర్త వైపు చూసింది. అతను కిటికీ అద్దానికి తల ఆనించి, పోతున్న చేలను చూస్తున్నాడు.

వద్దని తల అడ్డంగా ఊపింది.