కుడికి లాగే బండి

లిఫ్టుల మెకానిక్‌కి ఆ రోజు అడుగు తీసి అడుగు వెయ్యబుద్ధి కావడం లేదు. ఉన్న అలసట చాలదన్నట్టు కింద పరాయి బండి. సొంత బండి క్లచ్ వైరు తెగి షెడ్డులో పడి ఉంటే, బావమరిది దయతలచి తన కొత్త బండి ఇచ్చాడు. ఇచ్చినవాడు ఊరికే ఇవ్వచ్చుగా! గుంటల్లో దింపొద్దనీ, ఎండలో పెట్టొద్దనీ, ట్యాంకు మీద పనిముట్ల సంచి ఆనించొద్దనీ మెట్లు దిగేదాకా నస పెడుతూనే ఉన్నాడు.

పొద్దుటినుంచీ ఆయన దాన్ని తిట్టుకుంటూనే తిరిగాడు. సీటు మరీ ఎత్తు. హారన్ నొక్కబోతే ఇండికేటర్ వెలుగుతోంది. ఇంజను చప్పుడన్నది లేదు. సిగ్నల్ దగ్గర ఆగిపోయిందనుకుని మళ్ళీ స్టార్టు నొక్కితే అది కీచుమంది, పక్కనున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. అదే తన ముసలిబండైతేనా, వీధి మొదట్లో ఉండగానే ఇంట్లో టీ నీళ్ళు పొయ్యెక్కేవి! కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

పోనీ, అవన్నీ ఓర్చుకోవచ్చు. కానీ ఈ కొత్త బండి కుడికి లాగుతోంది. చెయ్యి కాస్త ఏమరితే చాలు, రోడ్డు నడిమధ్యకి పోతోంది. వాడి మొహానికి ఇంత డబ్బు పోసి వంకరబండి కొన్నాడని ఆయన మనసులో ఒకింత తృప్తిపడ్డాడు కూడా. ఏళ్ళ తరబడి సలుపుతున్న కుడి నడుము ఆ రోజు కొంచెం తెరిపిచ్చింది. తిట్టే పనిలో పడి ఆ సంగతి గమనించలేదు.

అసలు దిగులు బండి గురించి కాదు, కూతురి గురించి. రక్తపరీక్షల ల్యాబువాళ్ళు ఆ పిల్లకి ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసుకురావాలి. బండి వాళ్ళే ఇస్తారట, నడపడం వస్తే చాలట. సాయంత్రం ల్యాబు మూసేలోపు ఏ సంగతో చెప్పమన్నారు. రానని చెప్పేస్తానంది పిల్ల.

ఆయన నేర్పకపోలేదు. అపార్టుమెంటు వెనక ఖాళీ జాగాలో తన బండి మీదే నేర్పాడు. క్లచ్చూ గేర్లూ ఇట్టే పట్టేసింది. ఎటొచ్చీ బండి మాత్రం ప్రతిసారీ ఎడమవైపు గోడమీదకే పోయేది. "నాన్నా, ఇది ఎడమకి లాగుతోంది" అంటే, వాచ్‌మన్ వింటుండగానే ఆయన కసిరాడు. "ఆడలేక మద్దెల ఓడన్నదట నీలాంటిదే! ఇన్నేళ్ళుగా నేను నడపట్లేదూ? తిన్నగా కూర్చో ముందు." ఆఖరిసారి పడ్డప్పుడు మోకాలు చీరుకుపోయింది. ఆ తర్వాత పిల్ల బండి ముట్టుకోలేదు. నాకు చేతకాదులే అని నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వు చూడలేక ఆయన మాట మార్చేస్తాడు.

మధ్యాహ్నం దాటాక షెడ్డుకి వెళ్ళాడు. బండి దిగుతూనే, ఇది కుడికి లాగుతోంది, కాస్త చూడమని మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ దానిమీద సందు చివరిదాకా వెళ్ళొచ్చాడు. వచ్చేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీంచి తీసేశాడు. బండి గీత గీసినట్టు తిన్నగా వచ్చింది.

మేస్త్రీ ముసలిబండి దగ్గరికి పోయి, వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం లాగి పట్టాడు. చిన్నపిల్లాడికైనా కనబడుతుంది, ముందు చక్రం పక్కకి తిరిగి ఉంది.

"ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు వంగిపోయిందన్నా, ఎప్పుడు గుద్దారో ఏమో. ఇది ఎడమకి లాగుతుంటే మీరు ఒళ్ళంతా కుడికేసి నడుపుతున్నారు. అదే అలవాటైపోయింది. ఆ కొత్తదానికి ఏ రోగమూ లేదు. వంకరంతా మీలోనే ఉంది."

ఎప్పుడో వానలో కల్వర్టు గోడని గుద్దుకోవడం, దెబ్బ తగల్లేదు కదా అని దులుపుకుని ఇంటికొచ్చెయ్యడం ఆయనకి గుర్తొచ్చింది. పిల్ల బండి నేర్చుకోకముందు మాట. లిఫ్టు నడిచే పట్టా వెంట్రుకవాసి జరిగినా చప్పుడు విని చెప్పగల మనిషి! రోజూ తను ఎక్కే బండి వంకర తెలుసుకోలేకపోయాడు. అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాడు. నడుంనొప్పి ఆ వంకరదే గానీ వయసుది కాదని సంతోషించాల్సింది పోయి, పిల్ల మోకాలే కళ్ళముందు మెదిలింది. సిగ్గేసింది. పిల్లకి మొహం ఎలా చూపించాలో తెలియలేదు.

ముసలిదాన్ని అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. పిల్ల ఫోన్ చేతిలో పట్టుకుని వసారాలో నిలబడి ఉంది. చెప్పేశావా అని అడిగాడు. ఇప్పుడే చెయ్యబోతున్నానంది.

"ఆగమ్మా. నా బండిదే వంకర. నువ్వు చెప్పింది నిజం. నీ చేతిలో ఏ లోపమూ లేదు, నేనే వినలేదు."

పిల్ల ఫోన్ పక్కన పెట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండునని ఆయనకనిపించింది. పిల్ల చెయ్యి చాపి తాళం అడిగింది.

వెనక జాగాలో మొదటి చుట్టు భయపడుతూ, ఒక కాలు నేలకి రాస్తూ తిరిగింది. రెండో చుట్టుకి రెండు కాళ్ళూ పైకి తీసింది. గోడ వచ్చింది, బండి దాని పక్కనుంచి తిన్నగా వెళ్ళిపోయింది. తిరిగొచ్చి తండ్రి ముందు ఆపింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎక్కు నాన్నా. ల్యాబు మూసేలోపు వెళ్దాం. వస్తానని ఎదురుగానే చెబుతాను."

ఎవరి వెనకా కూర్చున్న మనిషి కాదు ఆయన. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచీని ఒళ్ళో పెట్టుకుని వాటేసుకున్నాడు. గేటు దాటి రోడ్డెక్కాక పిల్ల కాస్త నెమ్మదించింది. వెనక్కి తిరగకుండానే అంది.

"నాన్నా, కుడికి లాగేస్తున్నావు. తిన్నగా కూర్చో."

ఆయన ఎడమకి జరిగి కూర్చున్నాడు.